పొట్టి దారం

పైపు మళ్ళీ జారింది.

సిరిల్ చేతిలోని పానాని నేలకేసి కొట్టాడు. ఖరిదా పేటలోని అతని వడ్రంగి షెడ్డులో పొద్దుటి నుంచీ ఇదే వరస.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న రంపం మిషను అది. పొడుగు పలకలు కోయాలంటే దాని వెనక ఇంకో బల్ల తగిలించాలి. ఆ బల్లని మోసేవి రెండు ఇనప పైపులు. రెండూ ఒక్క ఎత్తున, ఒక్క తీరున నిలబడాలి. ఒకదాన్ని సరిచేస్తే రెండోది అలుగుతోంది. రెండోదాన్ని బుజ్జగిస్తే మొదటిది దిగజారుతోంది. తోడికోడళ్ళని ఒక్క పొయ్యి దగ్గర నిలబెట్టినట్టుంది వ్యవహారం.

మంచాలు, గుమ్మాలు, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మన తెలుగువాళ్ళెవరైనా పోతే శవపెట్టెలు, అన్నీ ఇన్నాళ్ళూ చేతి రంపంతోనే లాగించాడు సిరిల్. ఇప్పుడు ఒక బడికి బెంచీలు చేస్తానని ఒప్పుకున్నాడు. సోమవారానికి మొదటి విడత చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. మిషను అమ్మినవాళ్ళేమో ఫిట్టర్ని పంపుతున్నామని పొద్దున్నే చెప్పారు. మధ్యాహ్నం దాటినా అతగాడి జాడ లేదు.

అప్పుడొచ్చాడు, నలిగిన చొక్కాతో ఒక మనిషి. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"దాదా, ఒక పని మీద..."

"ఇప్పుడా రావడం? పొద్దుట్నుంచి నీకోసమే సూస్తన్నాను. ముందీ మిషను నిలబడాల. ఇది నిలబడితేగాని ఇక్కడ ఏ పనీ అవ్వదు."

ఆ మనిషి ఏదో చెప్పబోయి, మిషను వంక చూసి ఆగిపోయాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

సిరిల్ అవతలి కొస పట్టుకోమన్నాడు. పట్టుకున్నాడు. ఎత్తమంటే ఎత్తాడు, దించమంటే దించాడు. బరువుకి భుజం వంగిపోతున్నా వదల్లేదు. కానీ ఏ నట్టు వదులు చెయ్యాలో తెలీదు. పానా అడిగితే సుత్తి అందించాడు. ఇలాంటివాణ్ణి ఫిట్టరని ఎవడు పంపాడురా దేవుడా అని సిరిల్‌కి ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాడు. మిషను అమ్మినవాళ్ళనీ కలిపి తిట్టాడు. ఆ మనిషి తల దించుకుని బల్ల కొస పట్టుకునే ఉన్నాడు.

మధ్యలో అతను చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. రంపప్పొట్టు కూడా అలవాటు లేదా అని సిరిల్ దానికీ విసుక్కున్నాడు.

రెండు బల్లలూ సమంగా ఉన్నాయో లేదో చూడాలంటే వాటి మీద దారం లాగి పట్టాలి. సిరిల్ దారం పొట్టులో ఎక్కడ కలిసిపోయిందో కనిపించలేదు. ఆ మనిషి జేబులోంచి తెల్ల దారం కొస ఒకటి వేలాడుతోంది. ఇలా ఇమ్మని సిరిల్ దాన్ని లాక్కున్నంత పని చేశాడు.

అటూ ఇటూ ముడులేసిన దారం. ఈ బల్ల అంచు నుంచి బయల్దేరి ఆ బల్ల సగానికే అయిపోయింది.

"ఇంత పొట్టి దారమేటి? కొలుసుకుని తెచ్చుకోవద్దా?"

"కొలిసే తెచ్చినాను దాదా."

ఆ మాట ఎందుకన్నాడో పట్టించుకునే తీరిక సిరిల్‌కి లేదు. సణుక్కుంటూనే దారాన్ని అటు కొంత, ఇటు కొంత జరిపి చూసుకున్నాడు. బోల్టులు బిగించాడు. సాయంత్రం రైల్వే వర్క్‌షాపు సైరను మోగే వేళకి పైపులు రెండూ దారికొచ్చాయి. ఒక పలకని తోస్తే ఎక్కడా తట్టుకోకుండా ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి సాగిపోయింది.

ఆ మనిషి అప్పుడు నోరు విప్పాడు.

"మరి పొద్దున్నకి అయిపోతాదా దాదా?"

"మిషను నిలబడ్డాది కదా, ఇంకేటి అడ్డం? అయిపోతాది. నువ్వెల్లు."

దారం ఇక్కడే ఉండనిమ్మని చెప్పి, ఆ మనిషి చేతులు జోడించి వెళ్ళిపోయాడు. టీ తాగి వెళ్ళమనే మాట సిరిల్ నాలుక చివరిదాకా వచ్చింది. ఈ పనితనానికి టీ కూడానా అనుకుని ఊరుకున్నాడు.

అంతలో ఫోను మోగింది. మిషను దుకాణం ఫిట్టరు. బండి చెడిపోయిందని, ఇవాళ రాలేకపోయానని, రేపు తప్పకుండా వస్తానని హిందీలో బతిమాలుతున్నాడు.

సిరిల్ ఫోను చెవిదగ్గరే పెట్టుకుని గుమ్మం వైపు చూశాడు.

గుమ్మంలోంచి అతని భార్య వినీల వస్తోంది. న్యూ సెటిల్‌మెంట్ నుంచి నడిచొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సెటిల్‌మెంట్లో కొత్తగా దిగిన తీతన్న వొచ్చినాడా మీకాడికి? పొద్దున్నే పాపని సమాధులకాడికి తీసుకెల్లిపోతారంట. పెట్టె సెప్పడానికి మధ్యాన్నమే బయల్దేరినాడని ఆలావిడ సెప్పింది."

సిరిల్ చెవిదగ్గరి ఫోను దించేశాడు. ఇలాంటి దారాలు ఈ షెడ్డుకి ఎన్ని రాలేదు గనక. ప్రతిసారీ రెండు చేతులతో అందుకున్నవాడే.

మెల్లగా మిషను వైపు తిరిగాడు.

పొట్టిదని తాను విసుక్కున్న ఆ దారం బల్ల మీదే ఉంది, కన్నుమూసిన కూతుర్ని తల నుంచి పాదాల దాకా కొలిచి, రెండు కొసలా ముడులేసి ఆ తండ్రి తెచ్చిన దారం.