అడిగినవాళ్ళందరికీ చెప్పే మైన

"కువ్వీ, ఓ కువ్వీ..."

కలుగు బయట మంచులోంచి ఎవరో తీయగా పిలుస్తున్నారు. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

కుందేలు కువ్వి పిల్లల్ని పొట్ట కిందకి లాక్కుంది. ఈ కలుగుకి నిన్ననే వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళు తమ పేరూ, ఉండే చోటూ మైనకి చెప్పుకోవాలి, ఎవరడిగినా మైన చెప్పాలి. వరదొస్తే పేరుపెట్టి లేపడానికి ఆ అడవిలో అదే ఆచారం.

"వాగు పొంగిందే తల్లీ. పిల్లల్ని తీసుకుని బయటికి రా."

గొంతు అచ్చం చచ్చిపోయిన అమ్మ గొంతులాగే ఉంది. కలలో నడిచినట్టు కువ్వి ఒక కాలు ముందుకేసింది.

పైకొమ్మ మీంచి మైన అరిచింది. "రాకే కువ్వీ, అది అడవిపిల్లి. నీ పేరూ, ఈ చోటూ దానికి నేనే చెప్పాను. నువ్వెవరివి, ఎందుకూ అని దాన్ని ఒక్క మాటైనా అడగలేదే."