చిలక నేర్చిన మాట

"మాట్లాడే చిలకని చెప్పి అంటగట్టావు! ఏడాదైనా ఒక్క మాట రాలేదు. వెనక్కి తీసుకో!" పిట్టల కొట్టు బల్ల మీద పంజరాన్ని దభీమని పెట్టాడు భర్త. పక్కనే భార్య నిలబడి ఉంది.

కొట్టతను చిలక బోసిపోయిన ఛాతీ చూశాడు. "ఈకలు పీక్కుంటోంది. పగలు దీని దగ్గర ఎవరుంటారు?"

"మా ఇద్దరికీ ఉద్యోగాలున్నాయయ్యా! గింజలు, నీళ్లు నిండుగా పెట్టే వెళ్తాం. ఇంకేం చెయ్యాలి, జోల పాడాలా?"

విసురుగా వెళ్లబోతూ జేబులోంచి తాళంచెవులు తీశాడు.

చిలక పంజరం మూలన నక్కింది. "టక్... టక్..." అంది, అచ్చం వాళ్ల వీధి తలుపుకి తాళం పడ్డట్టు. ఇంకో ఈక పీక్కుంది.

భార్య పంజరాన్ని తన వైపు లాక్కుంది.

"మాట రాలేదంటారేం? రోజూ మనం దానికి చెప్పి వెళ్లేది అదొక్కటేగా!"