వంటింటి వైపు గోడ

హోబర్ట్ వెల్లకిలా పడ్డాడు. మూతి చిట్లి రక్తం నెరిసిన గడ్డంలోకి కారుతోంది.

"చెప్పు ముసలోడా! నా ఉత్తరాల డబ్బాని తుపాకీతో ఎందుకు కాల్చావ్?" వేలన్ అతని చొక్కా పట్టి లేవదీశాడు.

"నేను కాల్చలేదబ్బాయ్. ట్రక్కుల్లో తిరిగే కుర్రవెధవలు ఎవరో అయ్యుంటారు. డబ్బా కనబడితే వాళ్ళకి చేతులు ఊరుకోవు కదా."

"కబుర్లు చెప్పకు. పదేళ్ళ వయసు నుంచీ జింకల్ని కొడుతున్నా నేను. తూటా దూరినచోట సన్న బెజ్జం పడుతుంది. బయటికొచ్చినచోట చీలిపోతుంది. చూడు, నీ ఇంటివైపు సన్నగా ఉంది. మా ఇంటివైపు రేకు ఎలా విచ్చుకుందో చూడు. ఇంకా బుకాయిస్తావా?"

"ఒరేయ్, వదులు ఆయన్ని!" వరండాలోంచి తల్లి ఓపల్ అరిచింది. "నీ తండ్రి వయసురా!"

"మా నాన్నే ఉంటే వీణ్ణి ఈపాటికి పాతేసేవాడు."

తండ్రి రాయ్స్ పోతూ పోతూ వేలన్‌కు ఇంటితోపాటు ఈ పగ కూడా ఇచ్చిపోయాడు. వేలన్‌కు ఐదేళ్ళప్పటి మాట. ఆ రాత్రి అతను పిన్ని ఇంట్లో ఉన్నాడు. పక్కింటి హోబర్ట్ తప్పతాగి, తన పెరట్లో నిలబడి, వీళ్ళ వంటింటి మీద తుపాకీ ఖాళీ చేశాడట. పొయ్యి దగ్గరున్న ఓపల్‌కు ఒక తూటా భుజం వెనక రాసుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రాయ్స్ ఊరుకుంటాడా? వెళ్ళి హోబర్ట్ కాలు విరగ్గొట్టి వచ్చాడట. అప్పటినుంచీ హోబర్ట్ ఆ కాలు ఈడ్చుకుంటూనే నడుస్తాడు. ఆ కొండల్లో ఇలాంటివాటికి షెరీఫ్‌ను పిలిచే అలవాటు ఎవరికీ లేదు.

వేలన్ పిన్ని ఇంటినుంచి తిరిగొచ్చేసరికి చెక్క ఇంటి చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ పలకలు మెరుస్తున్నాయి. "ఆ బెజ్జాలు కళ్ళబడితే మీ అమ్మ తట్టుకోలేదురా, అందుకే కప్పేశా" అన్నాడు తండ్రి. తన తండ్రంత గొప్ప మొగుడు లోకంలో లేడనుకున్నాడు వేలన్. పెద్దయ్యాక కూడా అదే అనుకుంటున్నాడు.

ఇప్పుడా పలకలు పసుపెక్కాయి. వడగళ్ళకు పగిలి, సందుల్లోంచి వాన దిగుతోంది. ఆ చెమ్మకు ఓపల్ చలికాలమంతా దగ్గుతోంది. వేలన్ కొత్త పలకలు తెచ్చి, మూడువైపులా పాతవి తనే పీకి, ఇవి తనే బిగించాడు. వంటింటి వైపు ఒక్కటే మిగిలింది.

"అది వదిలెయ్యరా, బాగానే ఉందిగా" అంటుంది ఓపల్.

"బాగానా? వేలు పెడితే విరుగుతోంది!"

నిజానికి అతనికి కావలసింది ఆ గోడే. బెజ్జాలు బయటపడితే ఫొటోలు తీసి, ఆదివారం చర్చికొచ్చే ప్రతివాడికీ చూపించాలి. హోబర్ట్ పక్కన కూర్చునే మనిషి ఉండకూడదు. వాడు సిగ్గుతో చచ్చి ఈ లోయ వదిలి పోవాలి.

"రా! నీ ఘనకార్యం నీ కళ్ళతోనే చూద్దువుగాని." హోబర్ట్‌ను కంచె దాటించి ఈడ్చుకొచ్చి గోడ ముందు పడేశాడు. మేకులు పీకే ఇనపకడ్డీని పైవరస కింద దూర్చి ఒక్క ఊపు ఊపాడు. ఎండకు పెళుసెక్కిన పలక ఫెళ్ళున విరిగింది.

హోబర్ట్ పాకుతూ వచ్చి కడ్డీ పట్టుకున్నాడు. "వద్దబ్బాయ్. నన్ను తన్ను, తిట్టు, పడతా. ఆ గోడ జోలికి మాత్రం పోకు."

"భయమేస్తోందా?"

కడ్డీ గుంజుకుని అతని కుంటికాలి మీదే కొట్టాడు వేలన్. ముసలాయన మెలికలు తిరిగిపోయాడు.

ఓపల్ వరండా దిగి పరుగున వచ్చింది. వచ్చీరాగానే కొడుకు చెంప ఛెళ్ళుమనిపించింది. ఆమె అతనిమీద చెయ్యెత్తడం అదే మొదటిసారి.

"నన్ను కొడతావా? వీడికోసమా?"

ఒక్క తోపు తోశాడు. ఓపల్ విరిగిన పలకల మీద పడింది. అరచెయ్యి తెగింది. ఆ రక్తం వేలన్ చూశాడు. అయినా కోపం దిగలేదు, కడ్డీ దించలేదు.

హోబర్ట్ డేకుతూ వచ్చి ఆమెకు అడ్డంగా కూర్చున్నాడు. "ఆవిడ మీద చెయ్యి పడాలంటే ముందు నన్ను దాటాలి. మీ నాన్న ఒక కాలు తీసుకున్నాడు. కావాలంటే రెండోది నువ్వు తీసుకో."

ఓపల్ అతని భుజం మీదుగా కొడుకును చూసింది. ఆ ఎర్రబడ్డ కళ్ళను, చేతిలో కడ్డీని చూసింది.

"అచ్చం మీ నాన్నవే" అంది నెమ్మదిగా.

"అవును! ఆయన కొడుకునే!"

ఆ మాటతో వేలన్‌కు ఎక్కడలేని బలం వచ్చింది. గోడవైపు తిరిగి, మిగిలిన వరసలన్నీ రెండుచేతులా పట్టి చించిపారేశాడు. మేకులు ఎగిరి మొహానికి తగిలాయి. అరచేతులు కోసుకుపోయాయి. లెక్కచెయ్యలేదు. పాత చెక్కగోడ బయటపడింది. దానిమీద బెజ్జాలు కూడా.

"చూడమ్మా! చూడు, వీడు చేసిన..." అంటూ వేలు చూపించబోయి ఆగిపోయాడు.

ప్రతి బెజ్జం చుట్టూ చెక్క చీలి బయటికే, హోబర్ట్ ఇంటివైపే, విచ్చుకుని ఉంది.