పెదవి తగలని కథలు

“పారిస్‌కి రావడం లేదని చెప్పేశాను,” అన్నారు లూసియెన్, టీ కప్పు ఛాయాదేవి ముందు పెడుతూ.

ఛాయాదేవి అందుకోబోయిన కప్పు వదిలేసింది. అలాంటి పిలుపు కోసం రచయితలు జీవితమంతా ఎదురుచూస్తారు.

లూసియెన్ మార్వో ఫ్రెంచి శాస్త్రవేత్త. స్ఫటికాల లోపల అణువులు ఏ వరసలో నిలబడతాయో కనిపెట్టడం ఆయన పని. మోరిస్‌విల్ ఊరి పక్కనున్న రిసెర్చ్ పార్కులో ల్యాబ్ నడిపి రిటైరయ్యారు. ఛాయాదేవి ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ఆయనకు ఇంకో లోకం ఉందని మాత్రం ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు పారిస్‌లో కొందరు గణితవేత్తలూ కవులూ కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. కఠినమైన నియమం ఒకటి పెట్టుకుని, దాన్ని దాటకుండా కథో కవితో రాయడం వాళ్ళ సాధన. అందులో అందరికంటే సాహసి లూసియెన్. స్ఫటికంలా ఏ వైపు నుంచి మొదలుపెట్టినా చదవగలిగే పెద్ద నవల ఒకటి ఆయన రాస్తున్నారని బృందమంతా గొప్పగా చెప్పుకునేది.

కొన్నేళ్ళ క్రితం ఆయన ఆ నవల సగంలో ఆపేశారు. చిన్న చిన్న పిల్లల కథలు మొదలుపెట్టారు. అదీ ఇంగ్లీషులో. నియమం ఒక్కటే: చదువుతుంటే పెదవులు ఒకదానికొకటి తగలకూడదు, అంటే ప, బ, మ లాంటి అక్షరాలు రాకూడదు.

ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు ఛాయాదేవి సంబరపడింది. “మాకూ ఉంది ప్రొఫెసర్. నిరోష్ఠ్యం అంటారు. చిన్నప్పుడు మా ఊళ్ళో అవధానం జరిగితే చూశాను. పెదవులు తగలకుండా పద్యం చెప్పమని అడిగితే ఆ అవధానిగారు నిలబడి ఆశువుగా చెప్పేశారు.”

లూసియెన్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “అయితే నాకో సాయం చెయ్యండి. తాతయ్యని ఇంగ్లీషులో పిలిచినా ఫ్రెంచిలో పిలిచినా పెదవులు కలుస్తాయి. మీ భాషలో?”

“తాత.”

“అమ్మని?”

“అమ్మ అంటే కలుస్తాయి. తల్లి అంటే కలవవు.”

ఆయన ఆ రెండు మాటలూ గొణుక్కుంటూ అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు. ఇంత పెద్ద శాస్త్రవేత్త రెండు మాటల కోసం అంత మురిసిపోవడం ఛాయాదేవికి ముచ్చటగా అనిపించింది.

ఇప్పుడు మాత్రం కోపం వచ్చింది.

“పారిస్ వాళ్ళు ఆ నవల సగమే ఉన్నా అచ్చు వేస్తామంటున్నారు. మిమ్మల్ని సన్మానిస్తామంటున్నారు. మళ్ళీ ఇలాంటి ఛాన్స్ రాదు.”

“రాదు,” అని ఒప్పుకున్నారాయన. “కానీ అదే శనివారం ఇక్కడి ఎలిమెంటరీ స్కూల్లో నా కథ చదువుతున్నారు.”

“పిల్లల ప్రోగ్రామ్ కదా. డేట్ మార్చమని అడగొచ్చు.”

“మొదటిసారి చదవడం. నేను ఉండాలి.”

“మీ పాత స్నేహితులు ఏమంటున్నారు?”

లూసియెన్ నవ్వారు. “ముసలితనంలో నాకు బుర్ర చెడిందంటున్నారు. ఒకాయన ఫోన్ పెట్టేశాడు.”

మేడ మీద తలుపు తెరుచుకున్న చప్పుడైంది. వెంటనే మూసుకుంది. ఆయన మనవరాలు క్లేర్. లూసియెన్ కూతురు ఎలెన్‌దీ, ఆయనదీ ఒకే ఇల్లు. ఛాయాదేవి ఎన్నిసార్లు వచ్చినా ఆ పిల్ల కిందికి దిగింది లేదు. సిగ్గరి అని ఛాయాదేవి అనుకునేది.

ఇంటికి వెళ్ళాక భర్త మోహన్‌కి చెప్పింది.

“అది చాదస్తం ఛాయా,” అన్నాడతను. “అంత టాలెంట్ ఉన్న మనిషి ఓ రూల్ పట్టుకుని కూర్చుని చేతిలో ఉన్నదంతా వేస్ట్ చేసుకుంటున్నాడు.”

“ఒక్కో వాక్యానికి వారం పడుతుందట. పెదవుల మధ్య టూత్‌పిక్ నిలువుగా పెట్టుకుని ప్రతి మాటా పైకి చదివి చూస్తారు. అది గుచ్చుకుంటే ఆ వాక్యం కొట్టేస్తారు.”

“ఎవరికి ఉపయోగం?”

ఛాయాదేవికీ అదే అనుమానం. అయినా ఆ శనివారం స్కూలుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. పారిస్‌లో ఖాళీగా ఉండబోయే కుర్చీ గుర్తొచ్చి, కనీసం ఇక్కడ ఆయన కోసం ఒకరైనా కూర్చోవాలనిపించింది.

స్కూల్ లైబ్రరీ నిండా తల్లిదండ్రులు. లూసియెన్ వేదిక దగ్గర లేరు. చివరి వరసలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది. వందల మంది సైంటిస్టుల ముందు తొణక్కుండా మాట్లాడిన మనిషి ఛాయాదేవి పలకరింపు కూడా వినిపించుకోలేదు.

టీచరు పేరు పిలిచింది. క్లేర్ లేచి వెళ్ళి మైకు ముందు నిలబడింది. ఆరేళ్ళ పిల్ల. మొహంలో నవ్వు లేదు, భయమూ లేదు. కాగితం పట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

చుక్కల్ని లెక్కపెట్టాలని కొండెక్కిన ఓ నక్క కథ అది. ఒక్క మాట తడబడలేదు. ఒక్క మాట అస్పష్టంగా వినబడలేదు. నక్క లెక్క తప్పినచోట పిల్లలు విరగబడి నవ్వారు. లెక్క మళ్ళీ మొదటికి వచ్చినచోట అయ్యో అన్నారు. కథ అయిపోయాక చప్పట్లు చాలాసేపు ఆగలేదు. వెనకాల లూసియెన్ కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుంటున్నారు.

ఎన్ని పుస్తకాలు అచ్చయినా ఆయన ఇలా కరిగిపోవడం ఛాయాదేవి ఎరగదు. ఆ కథలో పెదవులు కలిసే మాట ఒక్కటీ లేదన్న సంగతి గదిలో ఎవరూ గమనించలేదు. అంత సహజంగా ఉంది. ఇదీ ప్రతిభ అంటే, అనుకుంది.

పక్క కుర్చీలో ఎలెన్ ఏడుస్తోంది.

ఛాయాదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. “ఎంత క్లియర్‌గా చదివింది. తను బాగా షై అనుకున్నాను.”

“షై కాదు. నలుగురిలో నోరు విప్పడం ఇదే మొదలు. దాని మాటలు వినేవాళ్ళకి సగం అర్థం కావు, పిల్లలు ఎగతాళి చేస్తారు. అందుకే మానేసింది.”

“ఇవాళ ప్రతి మాటా అర్థమైందే?”

ఎలెన్ వెనక్కి తిరిగి తండ్రి వైపు చూసింది.

“క్లేర్ పెదవులు పుట్టుకతోనే కలవవు.”