ఏసీ పెట్టె అద్దం

“ఇంకా వంచు నానమ్మా, చెవి భుజానికి తగలాలె,” అంది వందన.

మిర్యాలగూడ స్టేషన్లో, ఏసీ పెట్టె కిటికీకి ఏటవాలుగా నిలబడి, మనవరాలు కొనిచ్చిన నల్ల కళ్లజోడు పెట్టుకుని, కాటమ్మ తల పక్కకు వాల్చింది. చెల్లెలు జంగమ్మ రైలెక్కిన ప్రతిసారీ ఆ అద్దంలో ఆకాశమే తప్ప మనిషి కనిపించదు. ఈసారైనా బండి కదిలేలోపు ఆమె ముఖం చూడాలి.

“గీ తిప్పలెందుకే? మెడ ఇరుగుతది!”

“అద్దానికి తగిలొచ్చే వెలుగు నిలువుగా ఊగుతది. ఈ కళ్లజోడు అడ్డంగా ఊగేదాన్నే ఆపుతది. తల వాలిస్తే నిలువుగా ఊగేదాన్ని ఆపుతది,” అంది కాలేజీలో ఫిజిక్స్ చెప్పే వందన.

టీ అమ్మే వీరయ్య పరుగెత్తుకొచ్చాడు. “అయ్యో, పక్షవాతం! దవాఖానకు తీస్కపోండ్రి!”

“నీకే రావాలె పక్షవాతం! నా చెల్లెను సూస్తున్న.”

అద్దంలో ఆకాశం మాయమైంది. లోపల లావుపాటి పెద్దమనిషి ఒకాయన ఇడ్లీ తింటున్నాడు.

“ఓ వందనా, చెల్లె లేదే!”

అంతలో జంగమ్మ వచ్చి, ఆయన్ని జరిపి, దాదాపు ఆయన ఒళ్లోనే కూర్చుంది. కాటమ్మ ఫోన్ మోగింది.

“అక్కా, నా సీటు ఆ చివరకుంది. నువ్వెప్పుడూ ఇంకెవరిదో కిటికీకి చెయ్యూపుతవ్. ప్రతిసారి ఎవర్నో జరిపి నీ ముందుకొచ్చి కూసుంటున్న. ఒక్కసారన్న సూసినవా?”

ఇన్నేళ్లూ చెల్లె తనవైపు చూడకుండానే వెళ్లిపోతోందనుకుంది కాటమ్మ.

“మెడకేమైందక్కా?”

“ఏం గాలే. గాడనే కూసో.”

బండి కదిలింది. కాటమ్మ వాల్చిన తలతోనే దాని పక్కన నడిచింది.

“ఇగ తల ఎత్తు నానమ్మా, పడతవ్!”

“ఎత్తితే పోతదే!” అంది కాటమ్మ.