కూసొని చేసే పని

“సూది నాకా? షక్కర్ ఛాయ్ ఎప్పుడో బంద్ వెట్టిన. కూసొని కండెలు చుట్టేదానివి, నువ్వు నాకు డాక్టరీ చెప్తున్నవా?”

సిరిసిల్లలో సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, రోజంతా నిలబడే జుట్టు నెరిసిన నేతగాడు లక్ష్మీరాజం. కూర్చుని చేసే పనంటే ఆయనకు చీదర.

భార్య అనసూర్య చుడుతున్న నూలు కండెను పక్కన పెట్టి, ఇన్సులిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

కాసేపటికి మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలోని కండెకు దారం అయిపోయి సాంచా ఆగింది. లక్ష్మీరాజం చూడకుండానే కండెల బుట్టలోకి చెయ్యి చాచాడు. బుట్ట ఖాళీ.

“కండెలేవే?”

“బస్తాల నిండ నూలున్నది గద, పెట్టుకో.”

“పిచ్చి లేసిందా? బస్తా నూలు సాంచా తింటదా? ఎవలన్న కండెకు చుట్టి అందియ్యాలె!”

“నీ ఒంట్ల గా అందిచ్చేదే లేదు. నెత్తుర్ల షక్కర్ కుప్పలున్నది. ఇన్సులిన్ ఉంటెనే అది ఒంటికి అందుతదట. దాన్ని తయారు చేసేది కడుపుల మూలకు కూసుండే క్లోమం. అది చేతులెత్తేసింది. అందుకే ఎంత తిన్నా ఎండుకపోతున్నవ్.”

ఈలోగా కండెలు అందక ఆయన నడిపే మిగతా సాంచాలు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. షెడ్డంతా నిశ్శబ్దమైంది.

జారిపోతున్న లుంగీని బిగించుకుని, లక్ష్మీరాజం వచ్చి ఆమె ముందు కింద కూర్చున్నాడు. బనీను పైకెత్తాడు.

“జర మెల్లగ.”

“ఫికర్ చెయ్యకు,” అంది అనసూర్య సూది తీస్తూ. “కూసొని చేసే పనే.”