పూలమ్మ కొన్న రికార్డింగ్ డబ్బా

“దీనికి యాభై గుండీలున్నయ్ కొడుకా! నాకు ఒక్కటి సాలు,” అంటూ పూలమ్మ రిమోటును కౌంటరు మీదికి తోసేసింది.

అది నాలుగో రిమోటు. మట్టెవాడలోని ఆ టీవీల షాపులో సేల్స్‌మన్ హరీష్‌కు అప్పటికే ఓపిక అయిపోవచ్చింది.

“అమ్మా, రికార్డింగ్ డబ్బా అంటె గిట్లనే ఉంటది. మెనూలకు పోవాలె, టైం పెట్టాలె, ఓకే కొట్టాలె. మీ ఇంట్ల సదువుకున్నోళ్లు ఎవరన్న ఉంటె...”

“ఎవర్నో ఎందుకు బతిమాలాలె? నేనే నొక్కుత. నాకు సదువు రాకపోతె ఏంది, ఏలు లేదా? నా ఏలుకు సమజయ్యేది చూపియ్యి.”

పూలమ్మ అంటే అంతే మరి. పట్టిందంటే వదలదు.

మరిపెడ దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చిందామె. రెండెకరాల్లో మిర్చి వేస్తే మొక్క ఏపుగా పెరిగిందే గాని కాయ పట్టలేదు. ఆ విత్తనాలమ్మిన రమాకాంత్ టీవీలో రైతుల ప్రోగ్రాంలో దర్జాగా కూర్చుని, ‘నా విత్తనంతో పంట పోతే నష్టం నేనే కట్టిస్తా’ అన్నాడు. తీరా అడగబోతే, ‘నేనెప్పుడన్నా?’ అని దబాయించాడు. మరిది ఫోన్లో తీసిన వీడియోలో మనిషి ఆనలేదు, మాట వినబడలేదు. ఆ ప్రోగ్రాం ఆదివారం ఇంకొక్కసారి వేస్తారు. పూలమ్మ ఫిర్యాదు మీద బుధవారం మరిపెడ వ్యవసాయ ఆఫీసులో విచారణ. ఈసారి పట్టుకోకపోతే పంటా పోయినట్టే, న్యాయమూ పోయినట్టే.

“బిడ్డా, అవ్వేవీ వద్దు. ఆ కింది అరలది తీస్కో.”

అన్నది స్టూలు మీద కూర్చున్న ముసలాయన. రిమోటుకు సెల్లులు వేయించుకోవడానికి వచ్చాడు. వెలిసిపోయిన చొక్కా, భుజాన తువ్వాల.

“దానికి ఒక్కటే ఎర్ర గుండీ. నొక్కితె ఎక్కుతది, మల్ల నొక్కితె ఆగుతది. పెన్‌డ్రైవ్‌ల ఎక్కుతది గనుక యే టీవీకి పెట్టినా ఆడుతది. కడమ డబ్బాలు నీ ఇంట్ల తప్ప యాడా ఆడవు.”

పూలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. “ఏం పెద్దమనిషీ, నీకెంత కమీషన్?”

“అయ్యో, నాకేం కమీషన్ బిడ్డా? మా ఇంట్ల గదే ఉన్నది. నా అసోంటి ముసలోడే నడుపుతాండు. ఇంతకు ఏం ఎక్కిత్తవు?”

అడగడమే ఆలస్యం, పూలమ్మ కడుపులోదంతా కక్కేసింది.

“రమాకాంత్ అని ఒక విత్తనాల దొంగ ఉన్నడు. బుధవారం మరిపెడ ఆఫీసుల, పదిమంది ముంగట, వాని మాట వానికే ఇనిపిత్త. గసోంటోన్ని కన్నోళ్లు ఎసోంటోళ్లో! వాళ్ల నోట్ల మన్ను వడ!”

ముసలాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

“అయినా... ఆ కింది అరలదే తీస్కో బిడ్డా,” అన్నాడు మెల్లగా.

పూలమ్మకు ఒళ్లు మండింది.

“నిరుడు ఆ విత్తనాలు అంటగట్టినోడు గూడ గిట్లనే బిడ్డా బిడ్డా అన్నడు! ఒక్కపారి మోసపోయిన, సాలు. ఇగ ఎవ్వని మాట ఇన. నాది నేనే ఏరుకుంట!”

హరీష్ ఇదే సందని పై అరలోంచి ఇంకోటి దించాడు. దానికీ ఎర్ర గుండీ ఉంది, కాస్త పెద్దది. నొక్కి చూసింది, రికార్డయింది.

“గిదే ఇయ్యి.”

ముసలాయన లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం పూలమ్మ ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. తనే నొక్కింది. రమాకాంత్ మాట పొల్లు పోకుండా ఎక్కింది. ఊళ్లోవాళ్లను పిలిచి మరీ మూడుసార్లు వేసి చూపించింది.

బుధవారం డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. అక్కడి టీవీకి తగిలించారు. డిష్ వైరు లేనిదే రికార్డింగు తెరుచుకోనంది. తిప్పి తిప్పి చూశారు. ఊహూఁ.

రమాకాంత్ కాలు మీద కాలు వేసుకుని, “ఇగ నేను పోవచ్చా మేడం?” అన్నాడు.

“యాడికి పోతవు?” పూలమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “మా ఇంటికి నడువుండ్రి, అందరు! బువ్వ గూడ పెడ్త. నా టీవీల చూపిత్త. అప్పటిదాంక ఒక్కన్ని గడప దాటనియ్య!”

అధికారి పద్మలత నవ్వు ఆపుకుంది.

“అంత దూరం ఎందుకమ్మా? పొద్దున ఒక పెద్దాయన ఇది ఇచ్చి పోయాడు. ‘ఆ మిర్చి ఆమె డబ్బా ఇక్కడ ఆడదు, అప్పుడు ఇది పెట్టుండ్రి’ అన్నాడు,” అంటూ డ్రాయరులోంచి పెన్‌డ్రైవ్ తీసింది.

పెట్టారు. రమాకాంత్ గొంతు ఖంగుమని వినిపించింది, ‘నష్టం నేనే కట్టిస్తా’ అని. గదిలోని రమాకాంత్ కాలు కిందికి దించాడు. మరుమాట లేకుండా కాగితం మీద సంతకం చేశాడు.

పూలమ్మ గుండె ఆనందంతో ఎగిసింది, ఆ వెంటనే సిగ్గుతో కుంగింది.

“ఆయన భుజం మీద తువ్వాల ఉన్నదా మేడం?”

“ఉంది.”

వరండాలోకి ఉరికి చూసింది. బస్టాండు దాకా వెళ్లి వెతికింది. ఎక్కడా లేడు. కమీషనా అని అడిగానే, ఎంత పాపిష్టి నోరు నాది అనుకుంటూ తిరిగి వచ్చింది.

“ఎవరాయన మేడం? పేరు చెప్పు, పోయి కాళ్లు మొక్కుత.”

పద్మలత ఒకసారి రమాకాంత్ వైపు చూసి, పెన్‌డ్రైవ్‌తో పాటు ఆయన ఇచ్చిపోయిన కాగితం చదివింది.

“సాక్ష్యం ఇచ్చినవారు రాజమల్లు, రమాకాంత్ తండ్రి.”